ఓటు గురించి అబద్ధం చెప్పవచ్చా?

పల్నాటి ఊళ్లలో "ఎవరికేశావ్?" అని అడిగేవాళ్లు తక్కువ. ఇంటిపేరు, కులం, ఉండే బజారు, తాత ఎవరి వెంట తిరిగాడు అన్నవి తెలిస్తే ఓటు కూడా తెలిసినట్టే. ఎన్నికల ముందు ఇంటికొచ్చిన నాయకుడు కూడా "మీరు మనోళ్లేగా" అంటాడు తప్ప ప్రశ్న వేయడు. అవతలివాళ్లు వినాలనుకున్న జవాబు ఒకటే: "మీకే అన్నా." మర్నాడు ఇంకో పార్టీవాళ్లు వస్తే వాళ్లకూ అదే.

ఇది అబద్ధమే. తప్పా, కాదా?

పల్నాడు అనగానే నాగమ్మనీ బ్రహ్మనాయుడినీ తీసుకొచ్చి, ఆ పౌరుషమే ఇప్పటికీ రక్తంలో ఉందని రాయడం మనకో అలవాటు. 12వ శతాబ్దపు యుద్ధం 2024 పోలింగ్ బూత్‌ని నడిపిస్తుందంటే నాకు నమ్మకం కుదరదు. కాంట్రాక్టు ఎవరికొచ్చింది, పోలీస్ స్టేషన్లో ఎవరి మాట చెల్లుతుంది, రేషన్ షాపు ఎవరి చేతిలో ఉంది అన్న సంగతులు అంతకంటే బాగా నడిపిస్తాయి. పార్టీ మారిస్తే పోయేవి అవే మరి.

ఓటు రహస్యంగా ఉండకూడదన్న పెద్దవాళ్లూ ఉన్నారు. ప్రాతినిధ్య ప్రభుత్వం మీద 1861లో రాసిన పుస్తకంలో జాన్ స్టువర్ట్ మిల్, ఓటు సొంత ఆస్తి కాదనీ, పదిమంది తరఫున మన చేతిలో పెట్టిన బాధ్యతనీ, అందుకే పదిమంది చూస్తుండగా వేయాలనీ వాదించాడు. బలవంతుల గుప్పిట్లో ఉన్న ఓటరుకి మాత్రం రహస్యం అవసరమేనని ఒప్పుకున్నాడు; తన దేశంలో ఆ రోజులు దాదాపు పోయాయనుకున్నాడు. 11 ఏళ్లకే, 1872లో, బ్రిటన్ రహస్య బ్యాలెట్ తెచ్చుకుంది.

ఇక మాచర్ల. 2009లో కాంగ్రెస్ నుంచి, 2012 ఉప ఎన్నికలోనూ 2014, 2019ల్లోనూ వైఎస్సార్సీపీ నుంచి పిన్నెల్లి రామకృష్ణారెడ్డే గెలిచారు. 2021 మునిసిపల్ ఎన్నికల్లో అక్కడి వార్డులన్నీ వైఎస్సార్సీపీకి ఏకగ్రీవం. ఆ రోజు ఊరిని చూసిన వాళ్లెవరైనా ఇక్కడ రెండో అభిప్రాయమే లేదనుకుంటారు. మూడేళ్ల తర్వాత టీడీపీ అభ్యర్థి జూలకంటి బ్రహ్మానందరెడ్డి 33 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. ఎన్ని వేలమంది "మీకే అన్నా" అని ఉంటారో! కొందరు ఇంట్లో మొగుడికి కూడా నిజం చెప్పి ఉండరు.

భాగవతంలో శుక్రాచార్యుడు బలికి అబద్ధమాడదగ్గ సందర్భాలు చెబుతాడు. ప్రాణం, డబ్బు, పరువు పోయేచోట్లు అందులో ఉన్నాయి. ఓటు మాట లేదు గానీ పల్నాటి ఓటు ఆ మూడింటి కిందికీ వస్తుంది. డబ్బు తీసుకుని మాటిచ్చి, వేరేవాళ్లకి వేస్తే? అది మోసమేనంటారు మా స్నేహితులు కొందరు. అమ్మకూడని సరుకుకి బేరం కుదిరినా అది బేరం కాదు కదా. నిజం రాబట్టుకునే హక్కు లేనివాడికి నిజం బాకీ పడమని నేననుకుంటాను.

చిక్కు ఇంకోచోట ఉంది. మనిషి అబద్ధం చెప్పగలడు, బూత్ చెప్పలేదు. పోలింగ్ కేంద్రాలవారీగా ఎవరికెన్ని ఓట్లో ఫారం 20లో అందరికీ కనిపిస్తాయి. ఊరికి రెండు మూడు బూత్‌లుంటే, ఏ బజారు ఎటు పోయిందో వేళ్ల మీద లెక్కే. కాగితం బ్యాలెట్ల కాలంలో లెక్కకు ముందు వేర్వేరు పెట్టెల ఓట్లు కలిపేసే వీలు నిబంధనల్లో ఉండేది. ఈవీఎంలకూ అలా కలిపి లెక్కించే టోటలైజర్ కావాలని ఎన్నికల సంఘం 2008లో అడిగింది, లా కమిషన్ 2015లో బలపరిచింది. కేంద్రం ఒప్పుకోలేదు. ఓడిన పార్టీకీ గెలిచిన పార్టీకీ ఆ లెక్క కావాలి మరి. 2019 ఎన్నికల తర్వాత ఆత్మకూరులాంటి ఊళ్లు వదిలి వచ్చామంటూ టీడీపీ కుటుంబాలు గుంటూరు శిబిరంలో ఉన్నాయి. 2024 తర్వాత అవే మాటలు వైఎస్సార్సీపీ వైపు నుంచి విన్నాం. బూత్ లెక్కతో ఊరి మీద కోపం తెచ్చుకుంటే, తమకే ఓటేసినవాడూ అందులో నలుగుతాడు.

అబద్ధం చెప్పే వీలు లేనివాడు ఇంకొకడున్నాడు, పోలింగ్ ఏజెంట్. పార్టీ పేరు మెడలో వేసుకుని పొద్దున్నుంచీ అందరి ఎదుటా కూర్చుంటాడు. 2024 మే 13న పాల్వాయి గేటు బూత్‌లో అప్పటి ఎమ్మెల్యే యంత్రాన్ని నేలకేసి కొట్టడం కెమెరాలో రికార్డైంది. జూన్‌లో ఆయన అరెస్టయ్యారు. ఆ రోజు అడ్డుపడబోయింది ఒక ఏజెంటే. మిల్ కోరినట్టు అందరికీ తెలిసేలా నిలబడ్డవాడు. రహస్యంగా ఓటేసిన వేలమందికి అతను ఏమవుతాడు, అతనికి వాళ్లేం బాకీ అన్నది నాకింకా తేలలేదు.