గడప వద్దకే వచ్చిన తీర్థము

(ఖరగ్‌పూర్‌లోని ఆంధ్రుల సంస్మరణ సభలో చేసిన ప్రసంగము)



తైత్తిరీయోపనిషత్తు దైవముగా భావింపదగిన వారిలో తల్లిని మొదట పేర్కొని, అతిథిని కడపట పేర్కొన్నది. ఆ ఉపదేశము శిష్యునకు. మరి తానే తల్లియై, వచ్చిన ప్రతివానిని అతిథిగా నెంచి సేవించు ఇల్లాలి మాట ఏమి? ఆ మొదటి దైవమును, ఆ కడపటి దైవమును ఆమె వంటింటిలోనే కలసికొన్నట్లు గదా!

నేడు మనము స్మరించుచున్న తల్లి అట్టిది. ఆమె పేరు నేను చెప్పనక్కరలేదు. మీలో అనేకులు ఆమెను ‘అమ్మా’ అనియే పిలిచితిరి. శ్రీకాకుళ ప్రాంతమునుండి నూతన వధువుగా ఈ రైలుపట్టణమునకు వచ్చిన నాడు ఆమెకు వంగభాష రాదు, హిందీ రాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి ఉపాధికై ఇచ్చటికి వచ్చిన మన కుటుంబములలో ఎందరి అనుభవమో ఇది! తాను పడిన కష్టము తన తరువాత వచ్చువారు పడరాదని ఆమె నిశ్చయించుకొనెను. క్రొత్త కోడళ్ళను గోల్‌బజారుకు వెంటబెట్టుకొని పోయి బేరమాడుట నేర్పెను. భర్త రాత్రి డ్యూటీలో నుండగా నొప్పులు వచ్చిన స్త్రీకి ఆసుపత్రిలో తోడు కూర్చుండెను. మరణము సంభవించి పొయ్యి వెలుగని యింటికి తన యింటినుండి అన్నము పంపెను. ఇంతచేసియు అత్తమామలకు గాని బిడ్డలకు గాని ఏ పూటయు లోటు రానీయలేదు.

ఆమె కుమారుడు నిన్న నాతో ఒక మాట చెప్పి కంట తడిపెట్టెను. “అయ్యా! రైల్వేలో ఉద్యోగము చేసితిని. ఏటేటా పాసు చేతిలో నుండెడిది. పురీ పోవు బండ్లు మన స్టేషను మీదుగనే పోవును. అయినను అమ్మకు ఒక్కసారియైనను జగన్నాథుని చూపలేకపోయితిని. బయలుదేరుద మన్నప్పుడెల్ల ఎవరి యింటనో ఏదో ఆపద. ‘వచ్చే యేడు పోదములే నాయనా’ అనెడిది.”

ఈ దుఃఖమునకు సమాధానము గోదావరీతీరమున కలదు. 1841లో మండపేటలో జనించిన డొక్కా సీతమ్మగారు లంకల గన్నవరములోని జోగన్నగారి యిల్లాలు. గోదావరి పాయలు దాటి పోవు బాటసారులు వేళ కాని వేళ తలుపు తట్టినను, ఆమె లేచి వండి పెట్టెడిది. ఒకమారు అంతర్వేది నరసింహస్వామి దర్శనమునకై పల్లకిలో బయలుదేరినదట. మార్గమధ్యమున ఒక కుటుంబము వారు ఆకలితో ఏడ్చు పిల్లలను, “సీతమ్మగారి యిల్లు చేరినచో అన్నము దొరకును” అని ఊరడించుట ఆమె చెవిని బడెను. తక్షణమే పల్లకిని వెనుకకు మరలించి, వారికంటె ముందుగా ఇల్లు చేరి పొయ్యి వెలిగించెనని పెద్దలు చెప్పుదురు. ఆ తల్లి 1909లో పరమపదించెను. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది. ఆనాడు దారిలో ఏడ్చిన బిడ్డల వంటి బిడ్డలే నేడును ఆమె పేర అన్నము తినుచున్నారు!

ఇందువలన తీర్థయాత్ర వ్యర్థమని నేననుట లేదు. తీర్థమనగా దాటించునది. ‘నేను, నావారు’ అను గట్టునుండి ‘అందరును నావారే’ అను గట్టునకు దాటించునదే నిజమైన తీర్థము. యాత్రకు కొలత దూరము కాదు. మన స్టేషను ప్లాట్‌ఫారము 1072 మీటర్ల పొడవు గలదని గొప్పగా చెప్పుకొందుము. దానిమీద దినమంతయు నడచినను మనము ఏ యూరును చేరము. ఆకలిగొన్నవాని కొరకు ఇరుగింటికి పది యడుగులు వేసినవారు భగవంతుని సన్నిధికే చేరుదురు. కావున నాయనా, నీ తల్లి జగన్నాథుని చూడలేదని వగవకుము. ఆయనయే మారువేషములతో ఆమె గడపకు వచ్చి, ఆమె చేతి అన్నము తిని పోయినాడు.

అయితే, ఇచట మనకొక హెచ్చరిక కూడ కలదు. తల్లి త్యాగమును పొగడుట సులభము. అందరికిని వడ్డించి ఆమె కడపట కూర్చున్నప్పుడు గిన్నెలో ఏమి మిగిలినదో చూచినవారెందరు? ఆపద వచ్చిన యింటికి “ఈమారు నేను పోయెదను, నీవు ప్రయాణము కమ్ము” అని ఆమెతో అన్నవారెవరు? అట్లు ఒక్కరన్నను ఆమె పురీ చూచియుండెడిది. ఆమె నిస్స్వార్థము మన సోమరితనమునకు ముసుగు కారాదు.

పటమునకు పూలదండ వేసి ఇండ్లకు పోయినచో ఈ సభ నేటితో ముగియును. ఆమె దించిన గరిటెను స్త్రీలే గాక పురుషులును పట్టుకొన్నచో అది రేపటికిని సాగును. ఆసుపత్రిలో ఆమె కూర్చుండిన చోట నేటి రాత్రి ఎవరు కూర్చుందురు? కాలనీలో ఇంకను బండి ఎక్కని తల్లులెవరో విచారింపుడు. ఈ యేడే వారి పనిభారమును మీరు మోసి, వారిని జగన్నాథుని సన్నిధికి పంపుడు. ఆ తల్లికి మీరు చేయగల శ్రాద్ధము ఇంతకంటె వేరొకటి లేదు.

సర్వభూతములయందు వసించు పరమాత్మ ఆమె ఆత్మకు శాంతిని, మనకు ఆమె వంటి కన్నును, ఆమె వంటి చేతిని ప్రసాదించుగాక!