గృహస్థు చదువు

ఉద్యోగమూ సంసారమూ వదలకుండా, నలభై దాటాక డిగ్రీ చదివే మనిషి ఏ ఆశ్రమంలో ఉన్నట్టు? నాలుగు ఆశ్రమాల లెక్కలో చదువు బ్రహ్మచారిది. గృహస్థుది సంపాదన, సంతానం, అతిథి సేవ. ఊళ్లో ఈ లెక్క “ఈ వయసులో చదువేంటి?” అన్న మాటగా వినిపిస్తుంది. “మొక్కై వంగనిది మానై వంగునా” అన్న సామెత వెంటనే తోడవుతుంది. ఆ మాటల వెనక ధర్మానికి సంబంధించిన సందేహాలు రెండున్నాయి. చదువుకు ఒక వయసంటూ నిర్ణయమై ఉందా అన్నది మొదటిది. ఇంటివాళ్లకు చెందవలసిన పొద్దును పుస్తకానికి ఇచ్చే హక్కు ఎవరికైనా ఉందా అన్నది రెండోది. మొదటిది త్వరగానే తేలుతుంది. రెండోది అంత తేలిక కాదు.

పార్వతీపురం మన్యం జిల్లాలో వేగావతి ఒడ్డున ఉన్న సాలూరు వంటి ఊళ్లో ఈ సందేహాలు రెండూ ఒకే ఇంట్లో కనిపిస్తాయి. సాలూరు లారీల ఊరు. విజయనగరం నుంచి వచ్చే జాతీయ రహదారి ఇక్కడ మైదానం వదిలి, ఘాట్ ఎక్కి, సుంకి మీదుగా కోరాపుట్ వైపు సాగుతుంది. లారీ యజమానులు, డ్రైవర్లు, క్లీనర్లు, మెకానిక్‌లు, బాడీలు కట్టేవాళ్లు ఆ రోడ్డునే నమ్ముకుని బతుకుతారు. పాచిపెంట, మక్కువ వైపు కొండల్లో జాతాపులు, సవరలు, కొండదొరలు, గదబల ఊళ్లున్నాయి. ఇటువంటి చోట చదువు మధ్యలో ఆగడానికి కారణాలు అందరికీ తెలిసినవే. ఇంటర్ కాగానే ఆడపిల్లకు పెళ్లి చేస్తారు, మగపిల్లవాడు తండ్రితో లారీ ఎక్కుతాడు, కొండ మీది ఊరికి కాలేజీ అందదు. ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ పుస్తకం పట్టేవాళ్లలో అంగన్‌వాడీ కార్యకర్తలు, చిరుద్యోగులు, దుకాణం నడిపేవాళ్లు, పిల్లలు ఎదిగాక కాస్త తీరిక చిక్కిన గృహిణులు ఉంటారు. పుస్తకాలు ఇంటికే వస్తాయి. కాంటాక్ట్ క్లాసులు సెలవు రోజుల్లో జరుగుతాయి. అసైన్‌మెంట్లు రాత్రి వంటిల్లు కడిగాక రాస్తారు. పరీక్షల రోజులకు సెలవు అడగాలి, పిల్లల్ని ఎవరికో అప్పగించాలి, హాల్‌టికెట్ పట్టుకుని బస్సెక్కాలి.

ఈ చదువుకు దారి ఒక్కసారిగా పడలేదు. ఒకప్పుడు ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఎవరి సాయమూ లేకుండా ఇంట్లో చదువుకుని ప్రైవేటుగా పరీక్షకు కట్టేవారు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది; దేశంలో ఆ రకం విశ్వవిద్యాలయాల్లో అదే మొదటిది. ఇంటర్మీడియట్ లేనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు అది కల్పించింది. 1991లో దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. ఆ పేరుకు ఈ చర్చలో ఉన్న బరువు ముందుముందు తెలుస్తుంది.

మొదటి సందేహం విషయంలో ఉపనిషత్తుల సాక్ష్యం స్పష్టంగా ఉంది. ఛాందోగ్యంలో ప్రాచీనశాలుడు మొదలైన ఐదుగురు పెద్ద గృహస్థులు, అప్పటికే వేదాలు చదివినవాళ్లు, ఆత్మ ఏమిటో తేలక ఉద్దాలకుణ్ణి వెంటబెట్టుకుని కేకయ రాజు అశ్వపతి దగ్గరికి వెళ్తారు. చిన్నపిల్లల్లాగే సమిధలు చేతపట్టుకుని నిలబడతారు. రాజు ఉపనయన తంతు జరపకుండానే పాఠం చెబుతాడు. ముండకంలో అంగిరసుణ్ణి ప్రశ్నించిన శౌనకుడూ గొప్ప గృహస్థే. బృహదారణ్యకంలోని ఘట్టం ఇంకా దగ్గరగా తాకుతుంది. చదువు ముగించానని అనుకుంటున్న శ్వేతకేతువు పాంచాల రాజు ప్రవాహణుడు అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పలేక ఇంటికి తిరిగొస్తాడు. తండ్రి తనకూ తెలియదని ఒప్పుకుని, ఇద్దరం వెళ్లి శిష్యులుగా చేరదాం రమ్మంటాడు. మీరే వెళ్లండంటాడు కొడుకు. తండ్రి వెళ్తాడు. ఉపనయనం చదువు ఎప్పుడు మొదలవాలో చెప్పింది గాని, ఎప్పుడు ఆగాలో చెప్పలేదు.

ఆగకూడదని చెప్పింది మాత్రం తైత్తిరీయంలోని శిక్షావల్లి. ఒక అనువాకంలో అది సత్యం, తపస్సు, అగ్నిహోత్రం, అతిథులు, లోకవ్యవహారం, సంతానం అంటూ గృహస్థు బాధ్యతలను ఒక్కొక్కటే ఎత్తి, ప్రతిదాని పక్కనా స్వాధ్యాయాన్నీ ప్రవచనాన్నీ నిలుపుతుంది. అంటే తాను చదవడం, చదివింది మరొకరికి చెప్పడం. ఆ చివర ముగ్గురు ఆచార్యుల అభిప్రాయాలుంటాయి. రాథీతరుడికి సత్యమే ముఖ్యం, పౌరుశిష్టికి తపస్సే ముఖ్యం. నాక మౌద్గల్యుడు చదవడం, చెప్పడం ఉంటే చాలు, తపస్సంటే అదేనంటాడు. ఇక్కడ గమనించవలసింది పక్కన నిలపడం అన్న పద్ధతి. సంతానాన్ని వదిలి చదవమని ఆ అనువాకం అనదు, సంతానం కోసం చదువు మానమనీ అనదు. రెండూ ఒకే ఇంట్లో, ఒకే పూట నడవాలంటుంది. పంచమహాయజ్ఞాల్లో రోజువారీ అధ్యయనాన్ని బ్రహ్మయజ్ఞంగా లెక్కవేయడం వెనకా ఈ ఆలోచనే ఉంది. పుట్టుకతోనే మనిషికి దేవరుణం, పితృరుణం, ఋషిరుణం ఉంటాయనీ, ఋషుల అప్పు చదువుతో తీరుతుందనీ వైదిక సంప్రదాయం చెబుతుంది.

ఇక్కడొక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. ఆ స్వాధ్యాయం వేదాధ్యయనం; చరిత్రో అర్థశాస్త్రమో చదివే బి.ఏ. కాదు. పైగా ఆ అప్పు ద్విజ పురుషులకే అన్నారు. స్త్రీలనూ శూద్రులనూ ధర్మశాస్త్రాలు వేదం చదువు నుంచి దూరం పెట్టాయి. కొండల మీది ప్రజల ఊసే వాటికి పట్టలేదు. 1927 డిసెంబరులో అంబేద్కర్ మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టింది ఈ అన్యాయం మీదనే. దీన్ని దాటవేసి సాలూరు గృహిణికి శిక్షావల్లి వినిపించడం నిజాయితీ కాదు. అయితే రుణం అన్న ఆలోచనకు ఉన్న బలం దాని పాత హద్దులకన్నా పెద్దది. ఒకరు కనిపెట్టిన అక్షరంతో, వైద్యంతో, లెక్కతో బతికే ప్రతి మనిషీ ఆ కనిపెట్టినవాళ్లకు బాకీ పడ్డట్టే. ఆ బాకీ కులాన్నీ లింగాన్నీ చూసి పుట్టదు. అప్పు అందరిదీ అయినప్పుడు తీర్చే అవకాశాన్ని కొందరికే ఉంచడం తప్పు. ఆలస్యంగా చదివేవాళ్లలో ఎక్కువమంది సరైన వయసులో ఆ అవకాశం అందనివాళ్లే కావడం వల్ల, వాళ్ల చదువు ముచ్చటగా కాక న్యాయంగా రావలసిన బాకీగా కూడా కనిపిస్తుంది.

రెండో సందేహానికి గట్టి పరీక్ష మహాభారతంలోనే ఉంది. అరణ్యపర్వంలోని కౌశికుడి కథను ఎర్రన తెలుగు చేశాడు. కౌశికుడు తల్లిదండ్రుల అనుమతి లేకుండా వేదం చదవడానికి ఇల్లు వదిలిన వాడు. భిక్షకు వెళ్లిన చోట ఒక గృహిణి భర్త సేవ ముగించి ఆలస్యంగా వస్తే కోపగిస్తాడు. ఆమె అతడి కోపాన్ని లెక్కచేయక, ధర్మం తెలుసుకోవాలంటే మిథిలలో మాంసం అమ్మే ధర్మవ్యాధుడి దగ్గరికి వెళ్లమంటుంది. ధర్మవ్యాధుడు అతడికి ఎన్నో సూక్ష్మాలు చెప్పి, చివరికి తన ముసలి తల్లిదండ్రులను చూపిస్తాడు. కొడుకు కోసం ఏడ్చి ఏడ్చి కళ్లు పోయిన నీ తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లమంటాడు. చదివినవాడు విద్యార్థి కాగా, బడి ముఖం చూడని గృహిణీ మాంసం అమ్మేవాడూ గురువులు కావడం ఈ కథలో అద్భుతమైన సంగతి. పై పేరాలో చెప్పిన హద్దులను ఆ సంప్రదాయమే తన కథల్లో ఇలా చెరిపేసుకుంది.

కౌశికుడి తప్పు చదవడం కాదు. తన చదువు భారాన్ని మోసేవాళ్లను అడగకపోవడం, ఆ తర్వాత మరచిపోవడం. సాలూరు ఇళ్లలో ఈ భారం మగవాడి చదువులో ఒకలా, ఆడమనిషి చదువులో ఒకలా పంచబడుతుంది. భర్త పరీక్షలకు చదువుతుంటే టీవీ ఆపుతారు, పిల్లల్ని బయటికి పంపుతారు, భార్య మధ్యమధ్య టీ పెట్టి ఇస్తుంది. భార్య చదువుతుంటే ఏ పనీ తగ్గదు; ఆమె తెల్లవారుజామున నాలుగింటికి లేచి తన నిద్రలోంచి ఆ గంటలు తీసుకుంటుంది. ఒకరి స్వాధ్యాయం ఇంటివాళ్ల సేవ మీదా, మరొకరిది సొంత శరీరం మీదా నడవడం ధర్మం అనిపించుకోదు. అతిథీ సంతానమూ చదువూ పక్కపక్కనే ఉండాలన్న శిక్షావల్లి మాట ఇంట్లో ఇద్దరికీ వర్తించాలి. చదివే తల్లికి ఒక పూట వంట తప్పాలి. ఊరి అమ్మవారు శ్యామలాంబ పండగకు చుట్టాలొచ్చిన ఇంట్లోనైనా ఆమె పరీక్షను ఆమె ఇష్టంగా కాక ఇంటి పనిగా చూడాలి.

వయసు తెచ్చే మొహమాటం వీటి ముందు చిన్నది. పాతికేళ్ల అధ్యాపకుడి ముందు యాభై ఏళ్ల విద్యార్థి కూర్చోవడం తలవంపు అనుకునేవాళ్లకు మనుస్మృతిలోనే జవాబుంది. అంగిరసుడి కుమారుడైన చిన్నవాడు తన పినతండ్రులకు పాఠం చెబుతూ వాళ్లను పిల్లలూ అని పిలిచాడు. వాళ్లు కోపంతో దేవతలకు ఫిర్యాదు చేస్తే, తెలిసినవాడే పెద్దవాడని దేవతలు తీర్పు చెప్పారు.

పదోన్నతి కోసం, జీతం కోసం చదివే చదువు తక్కువదా అన్న ప్రశ్న కూడా ఉంది. ముండకం విద్యలను పర, అపర అని విడదీసి, నాలుగు వేదాలను సైతం అపరలోనే ఉంచింది. అంతటివాటికే రెండో వరస దక్కినప్పుడు, ప్రమోషన్ కోసం రాసే పరీక్షను వేరుగా చిన్నబుచ్చడానికి ఆధారం లేదు. జీతం కోసం మొదలైన చదువు ఎక్కడికి చేరగలదో చూపే మనిషి ఈ ప్రాంతంలోనే పుట్టాడు. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో జన్మించిన గిడుగు రామమూర్తి చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకుని, విజయనగరంలో చదివి, 1880లో పర్లాకిమిడి బడిలో ఉపాధ్యాయుడయ్యారు. ఉద్యోగమూ కుటుంబమూ నడుపుతూనే ప్రైవేటుగా 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పూర్తి చేశారు. ఆ ఏళ్లలోనే, ఏ పరీక్షకూ అక్కరలేని సవర భాషను అది వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించడానికి సొంత డబ్బుతో బళ్లు నడిపారు. సవర వ్యాకరణం 1931లోనూ, నిఘంటువు 1938లోనూ వెలువడ్డాయి. ఉపనిషత్తు జంటగా చెప్పిన స్వాధ్యాయ ప్రవచనాలు ఒక గృహస్థు జీవితంలో ఇంత స్పష్టంగా కనిపించడం అరుదు. తల్లి తన పుస్తకం పక్కన పెట్టుకుని కొడుకు చేత ఎక్కాలు చెప్పించే ఇళ్లలో ఈ జంట చిన్న రూపంలో రోజూ నడుస్తుంది.

చదువు పూర్తి కానివాళ్ల సంగతి మిగిలింది. బ్యాక్‌లాగ్‌లు మిగిలిపోయి, ఇంట్లో జబ్బులొచ్చి, గడువు దాటి మధ్యలో ఆగినవాళ్లు చాలామంది. తైత్తిరీయ బ్రాహ్మణంలో భరద్వాజుడు మూడు ఆయుష్షులు వేదం చదివి, ముసలివాడై పడుకుని ఉంటాడు. నాలుగో ఆయుష్షు ఇస్తే ఏం చేస్తావని ఇంద్రుడు అడిగితే, మళ్లీ చదువుతానంటాడు. ఇంద్రుడు మూడు కొండలను చూపి, ఒక్కోదాంట్లోంచి పిడికెడు తీసి, ఇప్పటిదాకా నీకు వచ్చింది ఇంతేనని, వేదాలు అనంతమని చెబుతాడు. అక్కడితో వదలకుండా సావిత్రాగ్ని విద్య ఒక్కటి నేర్పుతాడు. రెండేళ్లు చదివి ఆగిన సాలూరు గృహిణికి పట్టా రాలేదు, పదోన్నతీ రాలేదు. ఆ నష్టం నిజమైనదే. కాని బ్యాంకు కాగితం చదవడం, ఆసుపత్రిలో డాక్టరును ప్రశ్న అడగడం, కూతురికి ఇంటర్ పాఠంలో సాయపడడం ఆమెకు ఆ రెండేళ్లలోనే వచ్చాయి. వాటిని ఆమె ఇప్పటికీ వాడుతూనే ఉంటుంది.