వెల లేని అర్పణ

చదువుము: 2 సమూయేలు 24:10–25

దావీదు తన బలమును చూచుకొనగోరి జనులను లెక్కింపించగా, తెగులు వచ్చి 70,000 మంది మరణించిరి. దూత యెరూషలేముమీద చెయ్యి చాపినప్పుడు యెహోవా కనికరించి, అరౌనా కళ్లమునొద్ద అతనిని ఆపెను. అక్కడనే బలిపీఠము కట్టుమని ప్రవక్తయైన గాదు దావీదునకు తెలిపెను.

అరౌనా ఉదారుడు. కళ్లమును, ఎడ్లను, కట్టెలకు కాడిని సహా ఊరకనే ఇచ్చెదననెను. దావీదు పుచ్చుకొనినయెడల బలి జరిగియుండును, పొగయు పైకి లేచియుండును. కాని ఆ అర్పణ అరౌనాదై యుండును. కాబట్టి రాజు 50 తులముల వెండి తూచి ఇచ్చెను.

ఆ వెండి కనికరమునకు వెల కాదు. వెండి తూచకమునుపే దూత చెయ్యి ఆగెను. రక్షణయు అట్టిదే, దాని వెల క్రీస్తు సిలువపై చెల్లించెను. అయినను కనికరము పొందిన హృదయము వట్టిచేతులతో నిలువజాలదు.

ఆదివారమున పాట గాయకులది, ప్రార్థన కాపరిది, సంచిలోని కానుక చేతికి తగిలిన చిల్లర. ఇక విశ్వాసి తెచ్చినదేమి? ఏండ్ల తరబడి మాటలాడని సహోదరుని గడప త్రొక్కుటయే అతని 50 తులములు కావచ్చును. ఆ వెల చెల్లించి వచ్చినవాని మౌనము సహితము ఆరాధనయే.

తలంపు: ఉచితముగా రక్షింపబడినవాడు ఊరక దొరికినదానిని అర్పించి తృప్తిపడునా?