వస్తువులు తగ్గించుకుంటే చాలా? రమణ మహర్షి నిరాడంబరత నేర్పే పాఠం

ఈమధ్య మినిమలిజం అనే మాట బాగా వింటున్నాం. అల్మారా ఖాళీ చేయడం, నాలుగు జతల బట్టలతో సరిపెట్టుకోవడం, ఫోన్‌లో అక్కర్లేని యాప్‌లు తీసేయడం. అన్నీ మంచి అలవాట్లే. కానీ వస్తువులు తగ్గినంత మాత్రాన మనిషి నిరాడంబరుడు అయిపోతాడా?

ఈ ప్రశ్నకి జవాబు కావాలంటే అరుణాచలంలో రమణ మహర్షి పెద్ద వయసులో ఎలా బతికారో చూడాలి. ఆ రోజుల్ని దగ్గరుండి చూసి రాసింది మన తెలుగావిడే, సూరి నాగమ్మ గారు. 1941లో ఆవిడ తిరువణ్ణామలై వెళ్లారు. 1945 నుంచి అక్కడ చూసినవీ విన్నవీ తన సోదరుడికి తెలుగులో ఉత్తరాలుగా రాశారు. అవే తర్వాత 'శ్రీ రమణాశ్రమ లేఖలు' అయ్యాయి. అప్పటికి మహర్షికి 65 దాటాయి.

1896లో, 16 ఏళ్ల వయసులో ఇల్లు వదిలి వచ్చిన ఆయన మళ్లీ అరుణాచలం దాటి వెళ్లలేదు. లాంఛనంగా సన్న్యాస దీక్ష తీసుకోలేదు. అయినా ఒంటి మీద కౌపీనం, ఓ చిన్న తువ్వాలు, చేతిలో కర్ర, కమండలం, అంతే.

చాలామంది ఇక్కడే ఆగిపోతాం. "అబ్బ, ఎంత సింపుల్ లైఫో!" అనుకుంటాం. కానీ అంతకంటే కష్టమైన పని ఒకటి ఆయన చేశారు. తనకంటూ ప్రత్యేకంగా ఏదీ ఒప్పుకోలేదు.

భోజనంలో అందరికీ ఏది వడ్డిస్తే ఆయనకీ అదే. భక్తి కొద్దీ ఎవరైనా ఆయన విస్తట్లో ఓ గరిటె ఎక్కువ వేస్తే ఊరుకునేవారు కాదు. బలానికని ఏదైనా ఇస్తే, మంచిదైతే అందరికీ ఇవ్వమనేవారు. ఏళ్ల తరబడి తెల్లవారకముందే వంటింట్లోకి వెళ్లి కూరలు తరిగారు. గిరిప్రదక్షిణ అంటే ఆయనకి ఎంతో ఇష్టం. కానీ తను బయల్దేరితే ఆశ్రమంలో పనికి కూడా ఎవరూ మిగలకుండా వెంట వచ్చేస్తున్నారని 1926 ప్రాంతంలో అదీ మానేశారు.

1949లో చేతి మీద కణితికి నాలుగుసార్లు ఆపరేషన్ జరిగింది. ఒళ్లు పూర్తిగా నీరసించినా, దర్శనానికి వచ్చినవాళ్లని వెనక్కి పంపడానికి ఆయన ఒప్పుకోలేదు. 1950 ఏప్రిల్ 14న, దేహం విడిచిన ఆ సాయంత్రం కూడా జనం వరసలో వచ్చి చూసి వెళ్లారు.

ఎందుకింత పట్టుదల? వస్తువులు వదిలేసినా "నేను వదిలేశాను" అనే గర్వం మిగలొచ్చు. నిజానికి అది ఇంకా ప్రమాదం. మహర్షి బోధ అంతా "నేనెవరు?" అనే విచారణ చుట్టూ తిరుగుతుంది. ఆ 'నేను' మన రోజువారీ జీవితంలో ఎక్కడ దాక్కుంటుంది? "నాకు మాత్రం" అనే మాటలో.

దేవుడి దగ్గరికి వెళ్లేటప్పుడు కూడా ఆ మాట మనల్ని వదలదు. సిఫార్సు లేఖ దొరుకుతుందా, తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ముందే వెతుకుతాం. అవసరం వేరు, ప్రత్యేకత వేరు, అది గుర్తుంచుకోండి. ముసలివాళ్లకి, చంటిపిల్లల తల్లులకి విడిగా దారి ఉండటం దయ, ధర్మం. కానీ కాళ్లూ చేతులూ బాగున్న మనం పలుకుబడితో నలుగురినీ దాటుకుని ముందుకెళ్తే, మన వెనక నిలబడ్డవాళ్ల సమయం తీసుకున్నట్టే కదా? అలా గర్భగుడి ముందుకి చేరి ఏం సమర్పిస్తాం? వదులుకోవాల్సిన 'నేను'ని ఇంకాస్త పెంచుకుని వెళ్లాం!

అందుకని ఈ వారం చిన్న సాధన. ఏ వస్తువూ పారేయక్కర్లేదు. గుడి క్యూలోనో, ఇంట్లో భోజనం దగ్గరో, ఆఫీసులోనో "నాకు మాత్రం" అనే మాట నోటిదాకా వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగండి. అడుగుతున్నది ఎవరో చూసుకోండి.

అరుణాచల శివ!