మందు పేరుతో మత్తు ధర్మసమ్మతమవుతుందా?

భద్రాచలం దగ్గర వాహనాలను ఆపి తనిఖీ చేయడం ఈ ప్రాంత ప్రజలకు కొత్త విషయం కాదు. ఒడిశాలోని మల్కన్‌గిరి కొండల్లో, సీలేరు అడవుల్లో పండిన గంజాయి చింతూరు మీదుగా భద్రాచలం, కొత్తగూడెం, ఖమ్మం దాటి హైదరాబాదు వైపు పోతూ పట్టుబడిన సంఘటనలు అనేకం. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపంలో పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగులబెట్టారు. ఇంత సరుకు నడిచే దారి పక్కన కాపురముంటున్న మనం, మన పిల్లలకు దాని వాసన తగలదని నిశ్చింతగా ఉండలేం.

ఈ విషయంలో యువకులు కొందరు రెండు మాటలు చెబుతుంటారు. ఖుర్ఆన్‌లో గంజాయి పేరు లేదన్నది మొదటిది. విదేశాల్లో డాక్టర్లే దాన్ని మందుగా ఇస్తున్నారన్నది రెండోది.

మొదటి దానికి జవాబు సులభమే. బుద్ధిని కప్పివేసేదే 'ఖమ్ర్' అని హజ్రత్ ఉమర్ (రజి) మింబర్ మీద నిలబడి వివరించారు. మత్తు కలిగించే ప్రతిదీ హరామ్ అని మహాప్రవక్త (స) స్పష్టం చేశారు. కాబట్టి అది ద్రవమా, ఆకా, పొగా అన్నది ప్రశ్న కాదు. ఇమామ్ ఇబ్ను తైమియా (రహ్మ) ఆనాడే హషీష్‌ను హరామ్‌గా నిర్ణయించారు.

రెండో మాటను మాత్రం తేలికగా కొట్టిపారేయలేం. గంజాయిలో మత్తు కలిగించే టి.హెచ్.సి. అనే పదార్థాన్ని శాస్త్రవేత్తలు 1964లో వేరుచేశారు. అందులోనే ఉండే కానబిడయాల్ అనే మరో పదార్థం మత్తు కలిగించదు. దానితో తయారైన ఔషధానికి 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, పిల్లలకు వచ్చే కొన్ని తీవ్రమైన మూర్ఛ వ్యాధుల కోసం అనుమతినిచ్చింది. క్యాన్సర్ చికిత్సలో ఆగని వాంతులకు కూడా ఈ కోవకు చెందిన మాత్రలున్నాయి. అయితే మేలు ఉన్నంత మాత్రాన వస్తువు హలాల్ కాదు. సారాయిలో కొంత ప్రయోజనం ఉందని అల్ బఖర సూరా ఒప్పుకుంటూనే, దాని పాపం ఆ ప్రయోజనం కంటే పెద్దదని హెచ్చరించింది.

మరి రోగి సంగతేమిటి? పిచ్చివానిపై నమాజు బాధ్యత లేదు. అంటే ధర్మం మనిషితో మాట్లాడేది బుద్ధి ద్వారానే. భరించలేని బాధలో ఉన్న రోగి మనసు నిలిపి అల్లాహ్‌ను స్మరించలేడు. అతడు మందు తీసుకునేది ఆ బుద్ధిని నిలుపుకోవడానికి. సరదాకు పీల్చేవాడు పీల్చేది దాన్ని పోగొట్టుకోవడానికి. ఇద్దరిదీ ఒకే మొక్క కావచ్చు, కానీ నియ్యత్ ఒకటి కాదు.

అలాగని నియ్యత్ ఒక్కటే చాలదు. మందు కోసమే సారాయి చేస్తున్నానన్న వ్యక్తితో, అది మందు కాదు, రోగమని దైవప్రవక్త (స) అన్నారు. అందుకే ధర్మపండితులు ఈ ద్వారాన్ని చాలా ఇరుకుగా ఉంచారు. హలాల్ ప్రత్యామ్నాయం ఉండకూడదు. నమ్మదగిన వైద్యుడు అవసరమని చెప్పాలి. అవసరానికి మించి వాడకూడదు. డాక్టరు రాసిన, మోతాదు తెలిసిన మందుకు ఈ కొలతలు సరిపోవచ్చు. సందు చివర చేతులు మారే పొట్లానికి ఒక్కటీ సరిపోదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయి నిర్వచనంలో పూత లేని ఆకును చేర్చలేదు. కానీ చట్టం వదిలేసిన మత్తును షరీఅత్ వదలదు.

'మేం తాగం, మోస్తాం అంతే' అనే డ్రైవరు సోదరులూ ఆలోచించాలి. సారాయి విషయంలో శాపానికి గురైన పది మందిలో దాన్ని మోసేవాడు, దాని సొమ్ము తినేవాడు కూడా ఉన్నారు. చట్టం ప్రకారం 20 కిలోలు దాటితే కనీసం పదేళ్ల జైలు. ఆ పదేళ్లూ ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారు?

ఇప్పటికే అలవాటు పడిన బిడ్డ ఉన్న తల్లిదండ్రులకు ఒక మాట. పరువు పోతుందని దాచకండి. తక్కువ పరిమాణంతో పట్టుబడిన వ్యసనపరుడు తానుగా ప్రభుత్వ గుర్తింపు గల కేంద్రంలో చికిత్సకు వస్తే, కేసు నుంచి మినహాయింపు పొందే వీలు 64ఎ సెక్షన్‌లో ఉంది. తౌబా ద్వారమూ తెరిచే ఉంది. మస్జిదులో అతని పక్కన నిలబడడానికి మనం వెనుకాడితే, పొట్లం అమ్మేవాడు మాత్రం వెనుకాడడు.

బుద్ధి అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. దాన్ని ఏం చేశావని రేపు ప్రళయదినాన ప్రశ్నించబడతాం. మనల్ని, మన సంతానాన్ని అల్లాహ్ ప్రతి మత్తు నుంచి కాపాడుగాక! ఆమీన్.