మూడు నెలల లెక్క

పరీక్షకు ముందు రెండు రోజులు స్వీట్లు మానేసి, పరగడుపు షుగర్ బాగుందని మురిసిపోయేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. హెచ్‌బీఏ1సీ పరీక్ష దగ్గర ఆ పప్పులుడకవు. అది కరెంటు మీటరు లాంటిది. ఈ రాత్రి లైట్లన్నీ ఆర్పేసినా, తిరిగిన యూనిట్లు వెనక్కి రావు.

కారణం రక్తంలోనే ఉంది. ఎర్రకణం దాదాపు నాలుగు నెలలు బతుకుతుంది. బతికినన్నాళ్లూ దానిలోని హిమోగ్లోబిన్‌కు చక్కెర అంటుకుంటూనే ఉంటుంది. అందుకే ఆ అంకె ఒక్క పూటది కాదు. రెండు మూడు నెలల లెక్క. 5.7 శాతానికి చేరితే హెచ్చరిక. 6.5 శాతానికి చేరితే మధుమేహం. సాధారణంగా మరో పరీక్ష చేసి నిర్ధారిస్తారు. రక్తహీనత ఉంటే ఈ అంకె తప్పుదారి పట్టించవచ్చు. ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి.

మరి కంచంలో?

అన్నం మానేసి రాగిజావకు మారినవాళ్లు చాలామందే. కానీ మెత్తటి జావ త్వరగా అరుగుతుంది, షుగరూ త్వరగానే ఎక్కుతుంది. అన్నం తగ్గాలి. బీరకాయ కూర, తోటకూర పప్పు పెరగాలి. ముందు అవి తిని, అన్నం తర్వాత తింటే షుగర్ ఒక్కసారిగా లేవదు. ఇక పెరుగులోకంటూ మళ్లీ వడ్డించుకునే అన్నం ఉందే, అసలు చిక్కు అక్కడే!

చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం మధుమేహపు అంచున ఉన్నవారిని సుమారు మూడేళ్లు గమనించింది. 2006లో ఫలితాలు ప్రచురించింది. తిండి సరిదిద్దుకుని, రోజూ నడిచినవారిలో మధుమేహం వచ్చే ముప్పు పావు వంతుకు పైగా తగ్గింది.

తిండి మార్చిన వారానికే ల్యాబుకు పరుగెత్తనక్కర్లేదు. హెచ్‌బీఏ1సీ మూడు నెలల లెక్క. మూడు నెలలయ్యాకే మళ్లీ చేయించుకోవాలి.