గుక్కెడు నీళ్ళు

ఆయన నన్ను నీళ్ళడిగాడు. నేను ఇవ్వలేదు.

రెండేళ్ళ కిందటి మాట. జూన్ నెల. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద నకిరేకల్ దాటాక, డివైడరు మధ్య సందిచ్చిన చోట ఒకాయన ఎక్సెల్ బండి మీద రోడ్డు దాటబోయాడు. కారొకటి గుద్ది ఆగకుండా పోయిందట. నేను చేరేసరికి పత్తి గింజల ప్యాకెట్లు తారు మీద చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. నలభై ఏళ్ళుంటాయేమో ఆయనకు. తొడ దగ్గర చీరుకుపోయి రక్తం ఆగకుండా పోతోంది. చుట్టూ పదిహేనుమంది దాకా నిలబడి ఉన్నారు.

కూర్చున్నది ఒక్కరే. రోడ్డు పక్కన నేరేడుపండ్లు అమ్ముకునే పెద్దమ్మ, తన గొడుగు తెచ్చి ఆయన ముఖానికి ఎండ తగలకుండా పట్టుకుని ఉంది.

నేను వంగబోతుంటే వెనక నుంచి ఎవరో "ముట్టుకోకు సార్, కేసైతది" అన్నారు. ఆ మాటన్న మనిషిని నేను తప్పుపట్టలేను. నా మేలు కోరే అన్నాడు. దెబ్బ తగిలినవాణ్ణి ఆసుపత్రికి చేర్చినవాడే స్టేషను చుట్టూ, కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తుందన్నది ఈ దేశంలో ఎందరో అనుభవించి నేర్చుకున్న భయం. ఊరికే పుట్టింది కాదు.

అంతకు కొన్నాళ్ళ ముందు మా ఆఫీసులో ఒక పూట ప్రథమ చికిత్స నేర్పించారు. గుర్తున్నవి నాలుగే ముక్కలు. రక్తం పోయేచోట గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టాలి. తడిసిందని ఆ గుడ్డ తీయకూడదు, దాని మీదే ఇంకోటి వేయాలి. మెడ కదపకూడదు. నీళ్ళు తాగించకూడదు.

పెద్దమ్మ తన బుట్ట మీద కప్పిన గుడ్డ లాగి ఇచ్చింది. అప్పటికే నేరేడు రసంతో ఊదా మరకలు పడ్డ గుడ్డ. దాన్ని మడిచి రెండు చేతులతో అదిమిపట్టాను. 108కి ఫోను కలిపితే ఏ మండలం, ఏ ఊరి దగ్గరని అడిగారు. నాకు తెలియలేదు. ఏళ్ళ తరబడి తిరిగిన దారి అది. టోల్‌గేట్లు తెలుసు, టిఫిను ఎక్కడ బాగుంటుందో తెలుసు. ఆ రోడ్డు రెండు ముక్కలుగా కోసేసిన ఊరి పేరు మాత్రం తెలియదు. ఇవతల ఇల్లు, అవతల చేను ఉన్న మనిషి రోజుకు ఎన్నిసార్లు ఆ రోడ్డు దాటాలో ఏనాడూ ఆలోచించలేదు. పెద్దమ్మే ఫోను దగ్గరకు వంగి ఊరి పేరు, చెరువు కట్ట గుర్తు గట్టిగా చెప్పింది.

అంబులెన్సు రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాల్లో ఆయన మొదట అడిగింది బండి గురించి. "బండెట్లున్నదన్నా?" బాగానే ఉందన్నాను. అబద్ధం. తర్వాత గింజలు ఏరిపెట్టమన్నాడు. గుంపులోంచి ఇద్దరు కుర్రాళ్ళు వంగి ఏరడం మొదలుపెట్టారు. అప్పటిదాకా వాళ్ళు కదలక నిలబడింది రాతిగుండెతో కాదని నాకప్పుడు అర్థమైంది. ఏం చేయాలో ఎవరూ చెప్పకపోవడం వల్ల నిలబడ్డారు.

ఆ తర్వాత ఇక నీళ్ళే. "అన్నా, గుక్కెడు నీళ్ళు." పెద్దమ్మ సీసా మూత తీసింది. నేను వద్దన్నాను. ఆపరేషను చేయాల్సి వస్తే, మత్తులో కడుపులో ఉన్నది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటుంది. తెలివి తప్పుతున్నవాడికి పొలమారినా ప్రమాదమే. నాకు అది తెలుసు. పెద్దమ్మకు తెలిసింది వేరు. చావుబతుకుల మధ్య ఉన్న మనిషి నోట్లో నీళ్ళు పోయడం కన్నా పెద్ద ధర్మం మన ఇళ్ళలో లేదు. దాని కోసమే కొడుకులు ఎక్కడెక్కడి నుంచో పరుగెత్తుకొస్తారు. ఆమె నా వైపు చూసిన చూపులో కోపం లేదు, నమ్మలేకపోవడం ఉంది. చివరికి కొంగు తడిపి ఆయన పెదవులు తుడిచింది. ఆయన ఆ తడిని చప్పరించి మళ్ళీ "అన్నా" అన్నాడు.

అంబులెన్సులో వచ్చిన అబ్బాయి నా చేతుల కిందికి తన చేతులు పోనిచ్చి కట్టు కడుతూ అడిగాడు, "మీరు ఆయనకేమవుతారు సార్?"

"ఏమీ కాను" అన్నాను.

నిజమే చెప్పాను. తర్వాత వచ్చిన కానిస్టేబులు పేరడిగితే చెప్పనన్నాను, ఆయనా బలవంతపెట్టలేదు. ఆ హక్కు నాకుందని తెలుసు. సాయపడ్డవాళ్ళను వేధించకూడదన్న మార్గదర్శకాలకు 2016 మార్చి 30న సుప్రీంకోర్టు చట్టమంత బలమిచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి 134ఎ సెక్షను చేర్చారు. మంచి మనసుతో సాయం చేస్తూ పొరపాటు చేసినా, దానివల్ల దెబ్బతిన్నవాడికి హాని జరిగినా, ప్రాణమే పోయినా సాయపడ్డవాడి మీద కేసుండదు. ఇది చాలా గొప్ప చట్టమని మనస్ఫూర్తిగా నమ్ముతాను. "కేసైతది" అన్న ఆ మనిషికి, ఆ గుంపులో ప్రతి ఒక్కరికీ ఇది తెలియాలి. 2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అంటే గంటకు 19 మంది. నేను గుడ్డ అదిమి పట్టుకుని కూర్చున్న ఆ కాసేపట్లో ఎక్కడెక్కడో ఆరుగురు. వాళ్ళ చుట్టూ కూడా మనుషులు నిలబడే ఉంటారు.

చట్టం నన్ను ముందుగానే క్షమించి పెట్టింది. కానీ నేను చేసింది సరైనదో కాదో అది చెప్పలేదు. ఆయన బతికుంటే నీళ్ళు ఆపి మంచిపని చేసినట్టు. పోయి ఉంటే, ఆఖరి ఘడియల్లో అన్నా అని పిలిచి అడిగినవాడికి గుక్కెడు నీళ్ళు దక్కనీయకుండా చేసినవాణ్ణి. రెండింటిలో నేనెవరినో తెలుసుకునే దారిని పేరు చెప్పకుండా వచ్చి నేనే మూసేసుకున్నాను.

ఇంతకుముందు రెండుసార్లు ఇలాంటి గుంపుల పక్కనుంచి కారు ఆపకుండా పోయినవాణ్ణే. ఈసారి ఎందుకు ఆగానని చాలా ఆలోచించాను. 1973లో డార్లీ, బాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రిన్స్‌టన్‌లో క్రైస్తవ మత విద్యార్థుల మీద చేసిన పరీక్ష ఫలితాలు ప్రచురించారు. దారిలో మూలుగుతూ కూలబడి ఉన్న మనిషి పక్కనుంచి వాళ్ళు వెళ్ళేట్టు చేశారు. తొందర లేనివాళ్ళలో నూటికి 63 మంది ఆగారు. ఆలస్యమైందని హడావుడి పెట్టినవాళ్ళలో 10 మందే. కొందరు ప్రసంగించడానికి వెళ్తున్నది దారిన పడి ఉన్నవాణ్ణి ఆదుకున్న సమరయుని కథ మీదే అయినా, దానివల్ల పెద్ద తేడా రాలేదు. ఆ రోజు నాకు తొందర లేదు. నేను వెళ్తున్న పెళ్ళి ముహూర్తం రాత్రికి. అంతకు మించి నాలో కొత్తగా పుట్టిన మంచితనమేదీ నాకు కనిపించలేదు. మొదటి రెండుసార్లు నాకు ఏం తొందరుందో ఇప్పుడు గుర్తు కూడా లేదు.

మన భాషలో ముక్కూ మొహం తెలియనివాణ్ణి కూడా ఏదో ఒక వరస కలపకుండా పిలవలేం. అన్నా, తమ్మీ, పెద్దమ్మా. అలవాటుగా అంటాం, ఆ పిలుపులో బరువేమీ ఉండదనుకుంటాం. ఆయన ఆ ఇరవై నిమిషాల్లో నన్ను పదిసార్లు అన్నా అన్నాడు. బండి గురించి, గింజల గురించి ఒక అన్నకు చెప్పినట్టే చెప్పాడు. నేను మాత్రం ఒక్కసారి అడిగేసరికే ఏమీ కానన్నాను.

పోయిన జూన్‌లో మళ్ళీ ఆ దారిన వెళ్తూ ఆగాను. సందు మూసేశారు. పెద్దమ్మ కొంచెం ముందుకు జరిగి, వేపచెట్టు కింద కూర్చుంది. కారు దిగుతుండగానే గుర్తుపట్టింది.

"బిడ్డా, బతికిండా ఆయన?" అంది.

అదే అడుగుదామని వచ్చానని చెప్పాను.

"మా ఊరోడు కాదు. ఎవల్నడిగినా తెల్వదన్నరు. నువ్వొస్తవు, చెప్తవు అనుకున్న."

కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆమె బుట్ట మీది గుడ్డ తొలగించి, కాగితం పొట్లంలో పండ్లు పోసి ఉప్పు చల్లింది. గుడ్డ కొత్తది. అప్పుడే దానికి మరకలు పడ్డాయి.